అడవి బాధ్యత తీసుకుంటున్న అమ్మాయికి

అమ్మా,

ఆశీస్సులు. అంత పెద్ద ప్రభుత్వ అడవి నిర్వహణ నీ చేతికి వచ్చిందని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. "బాబాయ్, మొదటి ఏడాది ఏం చెయ్యమంటావ్?" అని ఫోన్‌లో అడిగావు. రెండు మాటల్లో తేలేది కాదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు. నచ్చని చోట నాతో వాదించు.

ప్రపంచంలో అడవి 400 కోట్ల హెక్టార్లకు కాస్త పైనే ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2020 నివేదిక ప్రకారం అందులో దాదాపు 73 శాతం ప్రభుత్వాలది, అంటే ప్రజలది. భూమ్మీద ఉన్న అడవిలో ముప్పాతిక వంతు బాగోగులు నీలాంటి ఉద్యోగులు పెట్టే సంతకాల మీద నడుస్తున్నాయన్నమాట. ఆ ఉద్యోగులేమో మూడేళ్లకో, అయిదేళ్లకో బదిలీ అయిపోతారు. ఒక టేకు చెట్టు మంచి కలపగా ఎదగడానికి యాభై, అరవై ఏళ్లు కావాలి. ఈ పనిలో ఉన్న అసలు ఇబ్బంది ఇదే. నువ్వు చేసిన మంచికైనా, చెడుకైనా ఫలితం కనిపించే రోజుకి ఆ కుర్చీలో నువ్వుండవు. అందుకే ఏ ఫైలు ముందుకు వచ్చినా, నా తర్వాత వచ్చేవాళ్ల చేతికి దీనివల్ల ఏం మిగులుతుంది అని ముందు అడుగు.

చేరిన వెంటనే కొత్త పథకాలేవీ ప్రకటించకు. వానలు వెనక్కి తగ్గగానే హద్దుల వెంట నడువు. జీపులో కాదు, నడిచే. మ్యాపులో ఉన్న గీతకీ, నేల మీద ఉన్న హద్దు రాళ్లకీ ఎక్కడెక్కడ తేడా ఉందో నీ కళ్లతో చూడాలి. కబ్జాలు ఎప్పుడూ ఆ తేడా దగ్గరే మొదలవుతాయి. ఆ తేడాలోనే పాపం తరాలుగా సాగుచేసుకుంటున్న కుటుంబాలు కూడా ఉంటాయి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే అన్యాయం జరుగుతుంది. పాత సర్వే రికార్డులు, హక్కుల రిజిస్టర్లు తెప్పించుకో. ఏ ఊరికి మేత హక్కు ఉంది, ఏ దారి అందరిదీ, ఏ ఊట మీద ఎవరు బతుకుతున్నారు అనేవి రాసి ఉన్నాయో లేదో చూడు. రాసి లేకపోతే పెద్దవాళ్లను అడిగి రాయించు. వాళ్లు పోయాక ఆ సమాచారం ఎక్కడా దొరకదు.

ఉపగ్రహ చిత్రాలు చూసి మోసపోకు. లాంటానా లాంటి కలుపు పొద కమ్మేసిన కొండ కూడా పైనుంచి పచ్చగానే కనిపిస్తుంది. నడిచేటప్పుడు తల పైకెత్తి చూసేదానికంటే కిందికి ఎక్కువ చూడు. పెద్ద చెట్ల కింద అదే జాతి పిల్ల మొక్కలు ఉన్నాయా? మోకాలెత్తువి, నడుమెత్తువి, మనిషెత్తువి అన్నీ కనిపిస్తున్నాయా? పెద్ద చెట్లు మాత్రమే ఉండి మధ్య వయసువి కనిపించకపోతే, పశువులో నిప్పో కలుపో ఏదో ఒకటి చాలా ఏళ్లుగా అక్కడ మొలకలను బతకనివ్వడం లేదని అర్థం. అది కనిపెట్టకుండా ఎన్ని మొక్కలు నాటినా ఖర్చే మిగులుతుంది.

ఆ తర్వాత లెక్క. 1856లో బర్మాలోని పెగూ టేకు అడవుల బాధ్యత తీసుకున్న డీట్రిచ్ బ్రాండిస్, ఏనుగు మీద వెళ్తూ చేతిలోని వెదురు ముక్కల మీద గాట్లు పెట్టుకుంటూ ఏ లావు చెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కించాడు. ఆయన వలస ప్రభుత్వం కోసం పనిచేశాడు. ఆ ప్రభుత్వం అడవి బిడ్డలకు చేసిన అన్యాయాన్ని నేనెప్పుడూ వెనకేసుకురాను. కానీ ఎంత ఉందో, ఏటా ఎంత పెరుగుతోందో తెలియకుండా ఎంత నరకాలో నిర్ణయించకూడదన్న ఆయన పద్ధతి సరైనదే. నీ దగ్గర శాశ్వత నమూనా ప్లాట్లు ఉంటే వాటిని కాపాడు, లేకపోతే వేయించు. అవే చెట్లను అయిదేళ్లకో పదేళ్లకో మళ్లీ మళ్లీ కొలిస్తేనే అడవి పెరుగుతోందో తరుగుతోందో తెలుస్తుంది. బడ్జెట్ తగ్గినప్పుడు ముందు కత్తెర పడేది ఈ కొలతల మీదే, ఎందుకంటే ఒక ఏడాది మానేస్తే ఎవరికీ నొప్పి తెలియదు. అక్కడ మాత్రం గట్టిగా నిలబడు. కొన్ని ప్లాట్లలో ఏ పనీ చేయకుండా వదిలెయ్యి. నువ్వు చేసిన పని ఉపయోగపడిందో లేదో చెప్పాలంటే పోల్చి చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

లెక్క సరిగ్గా ఉన్నంత మాత్రాన అడవి క్షేమంగా ఉన్నట్టు కాదు. పెరిగినంతే కోయాలి అన్న ఆలోచనకు 1713లోనే అక్షర రూపం ఇచ్చింది జర్మనీ. గనులకు కలప కరువై సాక్సనీలో పుట్టిన ఆలోచన అది. ఆ తర్వాత అక్కడివాళ్లు త్వరగా పెరుగుతుందని, నిటారుగా వస్తుందని స్ప్రూస్ చెట్టునే పెద్ద ఎత్తున నాటుకుంటూ పోయారు. కలప లెక్కల్లో అది మంచి నిర్ణయమే. 2018 నుంచి వరుసగా కరువులు వచ్చాయి. నీళ్లు లేక నీరసించిన చెట్లను బెరడు పురుగు పట్టుకుంది. 2021 ఏప్రిల్ నాటికి ఆ దేశం సుమారు 5 లక్షల హెక్టార్లలో చెట్లు పోగొట్టుకుంది. నాటినవాళ్లెవరూ ఆ రోజు చూడ్డానికి లేరు. ఒకే జాతి ప్లాంటేషన్ ప్రతిపాదన నీ టేబుల్ మీదికి వచ్చినప్పుడు ఇది గుర్తు తెచ్చుకో.

ఇక నిప్పు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నీకు నిద్ర లేకుండా చేసేది ఇదే.

అమెరికాలో ప్రభుత్వ అడవుల కోసం ఫారెస్ట్ సర్వీస్ ఏర్పడింది 1905లో. అయిదేళ్లు తిరిగేసరికి, 1910 ఆగస్టులో, ఐడహో, మోంటానా ప్రాంతాల్లో రెండే రోజుల్లో దాదాపు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది నిప్పు ఆర్పడానికి వెళ్లినవాళ్లే. ఆ దెబ్బ ఆ సంస్థ మనసులో నాటుకుపోయింది. 1935లో ఒక నియమం పెట్టుకున్నారు: ఏ నిప్పు కనబడినా మర్నాడు పొద్దున పది గంటలకల్లా అదుపులోకి రావాలి. వినడానికి ఎంత బాధ్యతగా ఉందో చూడు! నియమం పెట్టినవాళ్ల నిజాయితీని నేను శంకించను. కానీ అక్కడి పొడి పైన్ అడవులు కొన్నేళ్లకోసారి వచ్చే చిన్న మంటలకు అలవాటు పడ్డవి. ఆ చిన్న మంటలు కింద పడిన ఆకు, పుల్ల, సన్న మొక్కల్ని తగలబెట్టి పెద్ద చెట్లను వదిలేసేవి. అవి ఆగిపోయేసరికి ఏళ్ల తరబడి ఇంధనం పోగుపడింది. 1970లలో ఆ నియమాన్ని వదిలేశారు గానీ పోగుపడింది ఎక్కడికి పోతుంది? వేసవులు కూడా వేడెక్కడంతో మంటలు చెట్ల కొసలకు ఎక్కడం ఎక్కువైంది. 2015కి వచ్చేసరికి ఆ సంస్థ బడ్జెట్‌లో సగానికి పైగా నిప్పుకే పోయింది. మొక్కలకు, దారులకు, పరిశోధనకు ఉండాల్సిన డబ్బు అది.

కాబట్టి మీ అడవి ఏ రకందో ముందు తెలుసుకో. ఎప్పుడూ తడిగా ఉండే సతత హరితారణ్యానికి నిప్పు ఎప్పుడూ కీడే. అక్కడ ఒక్క మంట కూడా రానివ్వకూడదు. పొడి అడవుల్లో, గడ్డి మైదానాల్లో లెక్క వేరు. ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో అక్కడి ఆదివాసీ రేంజర్లు పొడి కాలం మొదట్లోనే, నేల ఇంకా కాస్త తడిగా ఉన్నప్పుడే, ముక్కలు ముక్కలుగా చిన్న మంటలు పెడతారు. ఆ కాలిన జాగాలు చివరి నెలల్లో వచ్చే పెద్ద మంటలకు అడ్డుపడతాయి. వాళ్ల తాతముత్తాతలు చేసిన పద్ధతే అది. మీ ప్రాంతంలో కూడా ఇలాంటి జ్ఞానం ఎవరో ఒకరి దగ్గర ఉండి ఉంటుంది, వెతుకు.

కావాలని నిప్పు పెట్టే రోజున గాలి వేగం ఇంత దాటకూడదని, తేమ ఇంతకంటే తగ్గకూడదని ముందే కాగితం మీద రాసుకో. ఆ హద్దు దాటితే ఆపేసే అధికారం అక్కడున్న ఒక్క మనిషికి ఇవ్వు. తేదీ ప్రకటించేశాం, పై అధికారులు చూడ్డానికి వచ్చారు, ఇప్పుడు ఎలా ఆపుతాం అనే టెన్షన్ ఆ మనిషికి ఉండకూడదు. ఆపినందుకు ఎవరైనా అడిగితే జవాబు నువ్వు చెప్పు. పెద్ద మంట వచ్చినప్పుడు శిక్షణ లేనివాళ్లను, తప్పించుకునే దారి తెలియనివాళ్లను ఒక్కరిని కూడా లోపలికి పంపకు. కాలిన చెట్టు స్థానంలో ఇంకో చెట్టు వస్తుంది తల్లీ.

అడవి అంచు ఊళ్ల సంగతి దీనికంటే ముఖ్యం. 1973లో ఉత్తరాఖండ్ కొండల్లో జరిగింది చూడు. వ్యవసాయ పనిముట్లు చేసుకోవడానికి కొన్ని చెట్లు ఇమ్మని అక్కడి సహకార సంఘం అడిగితే ఇవ్వలేదు. అదే రకం చెట్లను క్రీడా సామగ్రి తయారుచేసే ఒక కంపెనీకి కేటాయించారు. చిప్కో ఉద్యమం అక్కడే మొదలైంది. మరుసటి ఏడాది రేణి గ్రామంలో, మగవాళ్లు నష్టపరిహారం కోసం ఊరు దాటి వెళ్లిన రోజున, గౌరాదేవి వెంట ఆడవాళ్లు చెట్లకు అడ్డంగా నిలబడ్డారు. ఆ జనం అడవికి శత్రువులు కారు. ఒకే అడవిలో తమకొక న్యాయం, డబ్బున్నవాళ్లకొక న్యాయం నడుస్తోందని కోపం వచ్చినవాళ్లు. నువ్వు రేపు ఒక ముసలమ్మ దగ్గర పుల్లల మోపు లాక్కుని, అదే వారం లారీల కొద్దీ కలపకు పర్మిట్ ఇస్తే ఊరంతా చూస్తుంది. ఆ తర్వాత నువ్వు ఎన్ని అవగాహన సదస్సులు పెట్టినా వినరు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. పశ్చిమ బెంగాల్ మిడ్నపూర్ జిల్లా అరాబరిలో 1972 ప్రాంతంలో అజిత్ బెనర్జీ అనే అటవీ అధికారి 11 ఊళ్ల వాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. దాదాపు 1,270 హెక్టార్ల పాడైన సాలవృక్షాల అడవిని మీరు కాపాడండి, పని మీకే ఇస్తాం, కోతకు వచ్చినప్పుడు ఆదాయంలో నాలుగో వంతు మీది అన్నాడు. మోడుల నుంచి అడవి మళ్లీ లేచింది. నేపాల్ 1993 చట్టంతో ఈ దారిలో ఇంకా దూరం వెళ్లింది. అడవులను వాడుకునే సంఘాలకే నిర్వహణ అప్పగించింది. ఇప్పుడు అలాంటి సంఘాలు ఇరవై వేలకు పైగా ఉన్నాయి, కొండలు మళ్లీ పచ్చబడ్డాయి. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ జీవితాంతం చదివింది ఇలాంటి ఏర్పాట్లనే. వాడుకునేవాళ్లు తామే నియమాలు పెట్టుకుని, తామే కాపలా కాసుకునే చోట అడవి బాగుంటోందని ఆమె పరిశోధన చూపించింది.

అయితే సంఘం పేరుతో ఊళ్లో నలుగురు పెద్దమనుషులే అంతా పంచుకోవడం నేను చాలా చూశాను. పుల్లలకు, ఆకులకు రోజూ అడవికి వెళ్లేది ఆడవాళ్లు. మీటింగులో మాట్లాడేది మాత్రం ఎప్పుడూ అడవిలో అడుగుపెట్టని మగవాళ్లు. మీటింగు ఆడవాళ్లకు వీలైన వేళలో పెట్టించు. వాటా డబ్బు ఎవరెవరికి ఎంత వెళ్లిందో గోడ మీద రాయించు. మాటిచ్చిన వాటా ఒక్క ఏడాది ఆలస్యమైనా సరే, కట్టుకున్న నమ్మకం అంతా పోతుంది. కాబట్టి ఇవ్వగలనని తేలనిదే మాటివ్వకు.

సిబ్బంది విషయానికి వస్తే, గార్డు చెప్పే చెడు వార్తకు శిక్ష వెయ్యకు. చెట్లు నరికారని రిపోర్ట్ చేసిన వాడికే మెమో ఇస్తే, రెండో సారి నీకు రిపోర్ట్ రాదు, నరకడం మాత్రం ఆగదు. కేసులు తగ్గాయని పై ఆఫీసుకు రాసే ముందు, నేరం తగ్గిందా, రాయడం తగ్గిందా అని విచారించు. జీతం, బూట్లు, వైర్‌లెస్ సెట్లు టైముకి అందేలా చూడు. ఇంతకంటే పెద్ద ప్రోత్సాహం ఏదీ లేదు.

అమెరికా 1960లో చేసిన చట్టం ప్రభుత్వ అడవులకు అయిదు ఉపయోగాలు చెప్పింది: విహారం, మేత, కలప, నీటి వనరులు, వన్యప్రాణులు. ఏది ముందో మాత్రం చెప్పలేదు. ఏ దేశ చట్టమైనా ఇంచుమించు ఇంతే, తగువు నీ ముందుకే వస్తుంది. నన్నడిగితే నీళ్లను ముందు పెట్టమంటాను. ఎందుకంటే కింద ఉన్న ఊళ్లకు వేరే దారి లేదు. కొండవాలులో సరిగ్గా వెయ్యని ఒక మట్టిరోడ్డు, పూడిపోయిన ఒక కల్వర్టు, చెట్ల నరికివేత కంటే ఎక్కువ బురదను వాగులోకి దింపగలవు. కొత్త రోడ్డు మంజూరు చేసే ముందు పాత రోడ్ల కల్వర్టులు చూసి రా. ఎవరికి నష్టం కలిగించే నిర్ణయం తీసుకున్నా, ఆ నష్టపోయేవాళ్లకు నువ్వే స్వయంగా వెళ్లి చెప్పు.

ఒత్తిళ్లు వస్తాయి. ఫలానా వాళ్లకు లీజు ఇవ్వమని, ఫలానా కేసు వదిలెయ్యమని ఫోన్లు వస్తాయి. మర్యాదగా విని, ఆ సాయంత్రమే "మీరు ఫోన్‌లో చెప్పిన విషయం ఇదీ, నిబంధన ఇదీ, రాతపూర్వకంగా ఆదేశం పంపగలరు" అని లెటర్ పంపు. చాలా ఫోన్లు అక్కడితో ఆగిపోతాయి. ఆగకపోతే ఆ కాగితం నీకు అండగా ఉంటుంది.

ప్రతి పెద్ద నిర్ణయానికీ ఒక పేజీ నోటు రాసి పెట్టు. ఏం చేశావు, ఎందుకు చేశావు, వద్దన్న వాళ్లు ఏమన్నారు, ఫలితం ఎప్పుడు ఎక్కడ కొలవాలి. నీ తర్వాత వచ్చే మనిషి దాన్ని చదివి నీ నిర్ణయం మార్చుకోవచ్చు, అది ఆ మనిషి హక్కు. కానీ ఎందుకు చేశావో తెలిసి మార్చాలి.

పొడి కాలానికి ఇంకా వ్యవధి ఉంది. నిప్పు ప్రణాళిక ముసాయిదా, గత పదేళ్లలో కాలిన ప్రాంతాల మ్యాపు కలిపి నాకు పంపు. ఫైర్ లైన్లు (నిప్పు పాకకుండా గడ్డి, ఆకు తీసేసి ఉంచే పట్టీలు) ఎక్కడ వెయ్యాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ
బాబాయి