నరాల టెస్ట్ చేసే ఉద్యోగం చిన్నదా?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ. రెండుసార్లు నీట్ రాసినా సీటు రాలేదు. ఆ మధ్య షుగర్ వల్ల నా పాదాలు తిమ్మిరెక్కుతుంటే కరీంనగర్‌లో కరెంటు పెట్టి నరాల టెస్ట్ చేశారు. అమ్మాయి పక్కనే నిలబడి చూసింది. అప్పట్నుంచి న్యూరో టెక్నాలజీ చదువుతానంటోంది. మేం మూడోసారి లాంగ్‌టర్మ్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం. డాక్టర్ అవుతుందని అందరికీ చెప్పుకున్నాం. రెండింటిలో ఏది మంచిది? ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలు ఉంటాయా?
– ఒక తండ్రి, జగిత్యాల జిల్లా

జవాబు: అయ్యా, నీట్ ఫలితాలు వచ్చిన ప్రతి ఏడాదీ ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. కోర్సు పేరు మారుతుంది, టెన్షన్ అదే. మీరు రెండు దారులు పోల్చి చెప్పమన్నారు గానీ, మీ ఉత్తరంలో అసలు బరువంతా ‘అందరికీ చెప్పుకున్నాం’ అన్న మాట మీదే ఉంది. చెప్పుకున్నది మీరు. దాని భారం పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్ల మోయకూడదు. రెండుసార్లు సీటు రాకపోయినా, తనకు నచ్చిన పని ఏదో కళ్లారా చూసి, ఇది చదువుతానని ఇంట్లో చెప్పగలిగింది. అలా చెప్పగలిగే పిల్లలు నాకు తక్కువగా కనిపిస్తారు. ముందు మీరు కాస్త స్థిమితపడండి.

ఇక ఆ పని సంగతి. మీ కాలికి అతికించిన ఎలక్ట్రోడ్లు, చిన్న షాకు మీకు గుర్తుండే ఉంటాయి. నరాన్ని ఒకచోట కరెంటుతో తట్టి, ఆ సంకేతం ఎంత వేగంగా పోతోందో, ఎంత బలంగా చేరుతోందో కొలుస్తారు. దీన్ని ఎన్‌సీఎస్ అంటారు. ముంజేతి నరంలో అయితే సెకనుకు సుమారు 50 మీటర్లు, ఆపైన ఉండాలి. నరం పైపొర దెబ్బతింటే వేగం పడిపోతుంది, లోపలి తీగే పాడైతే సంకేతం చిన్నదవుతుంది. కండరంలోకి సన్నని సూది పెట్టి చూసేది ఈఎంజీ. మన దగ్గర సూది టెస్ట్ సాధారణంగా డాక్టరే చేస్తారు, రిపోర్టు మీద సంతకమూ వారిదే. ఈ హద్దు మీ అమ్మాయికి ఇప్పుడే తెలియాలి, లేకపోతే తర్వాత బాధపడుతుంది.

అంతమాత్రాన టెక్నీషియన్ మీట నొక్కే మనిషి అనుకోకండి. ఒక జనవరి ఉదయం నేను ఇలాంటి ల్యాబ్‌లో కూర్చున్నాను. పల్లె నుంచి తెల్లవారుజామున బండి మీద వచ్చిన ఒక పెద్దాయనకు టెస్ట్ చేస్తున్నారు. చేతి నరం వేగం 46 వచ్చింది. జబ్బే అని నేను అనుకున్నా. ఆ టెక్నీషియన్ అమ్మాయి మాత్రం ఆయన చేయి ముట్టుకుని, ‘తాతా, చేతులు మంచులా ఉన్నాయి’ అంటూ వేడినీళ్ల సంచి పెట్టి, పావుగంట దుప్పటి కప్పి కూర్చోబెట్టింది. మళ్లీ చేస్తే 54. చర్మం ఒక్క డిగ్రీ చల్లబడినా వేగం సుమారు రెండు మీటర్ల దాకా తగ్గుతుంది. అందుకే చేతిని 32 డిగ్రీల దగ్గర ఉంచి చేస్తారు. ఆమె ఆ చేయి ముట్టుకోకపోయి ఉంటే ఆ తాత లేని జబ్బుకు మందులు మింగేవాడేమో.

మీ ఏఐ ప్రశ్నకు కూడా ఇందులోనే జవాబుంది. గీతలు చదవడంలో కంప్యూటర్ సాయం పెరుగుతుంది, పెరగనివ్వండి. చల్లబడిన చేయి, జారిన ఎలక్ట్రోడ్, భయంతో బిగుసుకుపోయిన పిల్లవాడు, వీటిని సరిచేయాల్సింది మనిషే. 2025 మొదట్లో పుణెలో జీబీ సిండ్రోమ్ (ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసే జబ్బు) కేసులు వచ్చినప్పుడు మన దగ్గరా జనం భయపడ్డారు కదా. ఆ జబ్బులో మొదటి వారం టెస్ట్ దాదాపు నార్మల్‌గా రావచ్చు. అప్పుడు ఎఫ్ వేవ్ (వెన్నుపాము దాకా వెళ్లి తిరిగొచ్చే సంకేతం) లాంటివి ఓపిగ్గా చూడాలి, కొన్నిరోజులకు మళ్లీ చేయాలి. కండరాలు త్వరగా అలసిపోయే మయస్థీనియా జబ్బులో ఒకే నరాన్ని సెకనుకు మూడుసార్ల చొప్పున వరసగా తట్టి, స్పందన పది శాతం మించి తగ్గుతోందా అని చూస్తారు. వెన్నెముక ఆపరేషన్ జరుగుతుండగా నరాలు క్షేమంగా ఉన్నాయా అని కనిపెట్టి ఉండే పని కూడా ఈ చదువు వాళ్లకు ఉంది.

నా అనుమానం వేరే చోట ఉంది, అది గట్టిగానే చెబుతాను. ఇప్పుడు ‘న్యూరో’ అన్న మాటకు మోజు పెరిగింది. బోర్డు మీద ఆ పేరు రాసి, మెదడు బొమ్మ వేసి ఫీజులు వసూలు చేసే కాలేజీలు నేను చూశాను. ఒకదాంట్లో ఈఎంజీ మెషిన్ చూపించమంటే గది తాళం దొరకలేదన్నారు. చివరి ఏడాది పిల్లలు ఒక్క రోగికి కూడా సొంతంగా టెస్ట్ చేయలేదు! అలాంటిచోట చేరడం కన్నా చేరకపోవడమే మేలు. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ పరిధిలో బీఎస్సీ న్యూరో సైన్స్ టెక్నాలజీ ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో క్లినికల్ న్యూరోఫిజియాలజీ టెక్నాలజీ డిప్లొమా ఉంది. ఎక్కడైనా సరే, న్యూరాలజీ విభాగం నడుస్తున్న ఆసుపత్రి ఆ కాలేజీకి ఉందా, రోజుకు ఎన్ని టెస్టులు చేస్తారు, విద్యార్థుల చేత చేయిస్తారా అని అడగండి. తడబడితే వెనక్కి వచ్చేయండి. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల పరీక్ష), ఈఎంజీ టెక్నాలజిస్టులను కూడా గుర్తించింది. అంటే ఇది ఊరూపేరూ లేని పని కాదు. జీతం మాత్రం మొదట్లో తక్కువే, సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోల్చి పోరు పెట్టనని ముందే అనుకోండి.

లాంగ్‌టర్మ్ అంటారా? అమ్మాయి తనంతట తాను అడిగితే, సీటుకు కొద్ది మార్కుల దూరంలో ఆగిపోయి ఉంటే ఇంకో ఏడాది ఇవ్వచ్చు. ఆమె వద్దంటుంటే మీ మాట నిలబెట్టుకోవడానికి హాస్టల్‌కి పంపుతానంటే మాత్రం నేను ఒప్పుకోను. టెక్నీషియన్ అంటే నలుగురిలో చిన్నతనం అంటారేమో. మీ పాదం పట్టుకుని టెస్ట్ చేసిన మనిషి మీకు చిన్నగా కనిపించాడా?

మళ్లీ చెకప్‌కి వెళ్లినప్పుడు అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. డాక్టర్ గారిని అడిగి, ఆ ల్యాబ్‌లో ఓ రెండు రోజులు ఒక మూల కూర్చుని చూసే అవకాశం ఇప్పించండి. చూసొచ్చాక కూడా ఇదే కావాలంటే కాలేజీలు చూడ్డానికి మీరే బయల్దేరండి. చూసిన కాలేజీల పేర్లు రాసి పంపితే, వాటిలో ఏది నయమో నేను కనుక్కుని చెబుతాను.