ముసలి సముద్ర పక్షి నిజంగా మందగిస్తుందా?

వయసు పైబడిన మనుషులు నడక తగ్గించి ఇంటి పట్టున ఉంటారు కదా, నలభై యాభై ఏళ్ళు బతికే సముద్ర పక్షులు కూడా అలాగే మారతాయా, మారితే ఆ సంగతి ఎలా తెలుస్తుంది అని మీరు అడిగారు. నేను నల్లగొండలో ఇరవై రెండేళ్ళుగా డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతున్నాను. సముద్రానికి దూరంగా పుట్టి పెరిగినవాణ్ణి, ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్ర పక్షిని కళ్ళారా చూసిందీ లేదు. అయినా ఈ ప్రశ్న నాకు పాతదే. ఒకసారి పానగల్లు చెరువు కట్ట మీద, మరోసారి మా ఇంట్లో మా నాన్నను చూస్తూ దీనితో తలపడ్డాను.

మీ ప్రశ్నలో రెండో సగమే కష్టమైనది. పానగల్లు దగ్గరి ఉదయసముద్రం కట్ట మీద నాలుగు వేసవులు బైనాక్యులర్ పట్టుకుని రివర్ టెర్న్ పక్షులను చూస్తూ కూర్చున్నాను. అవి నదులకు, చెరువులకు చెందిన పక్షులే గానీ, వాటి దాయాదులు చాలా వరకు సముద్రం మీదనే బతుకుతాయి. మగది చేపను ముక్కున అడ్డంగా కరచుకుని వచ్చి ఆడదాని ముందు మెడ నిక్కించి నిలబడుతుంది. ఆడది వంగి అడిగితే ఒక్కోసారి ఇస్తుంది, ఒక్కోసారి చేపతో సహా లేచిపోతుంది. కుడి రెక్కలో ఒక ఈక లేని మగ పక్షిని గుర్తు పెట్టుకుని, అది ఎన్ని చేపలు తెచ్చింది, ఎంతసేపటికి ఒకసారి తెచ్చింది అని ఒక నోట్‌బుక్ నింపేశాను. మరుసటి ఏడు రెక్కలో ఆ సందు ఉన్న పక్షి ఒక్కటీ కనబడలేదు. పాత ఈకలు రాలి కొత్తవి వస్తాయని తరగతిలో చెప్పే నేనే ఆ మాట మరచిపోయాను. పక్షికి వెంట్రుకలు నెరవవు, నడుము వంగదు. ఎదిగిన తరువాత అయిదేళ్ళదీ పదిహేనేళ్ళదీ కంటికి ఒకటే.

అందుకే పరిశోధకులు కాలికి నంబరు కడియం వేస్తారు. స్కాట్లండ్ ఉత్తరాన ఐన్‌హాలో దీవిలో జార్జ్ డనెట్ అనే శాస్త్రవేత్త 1951లో ఫుల్మార్ అనే సముద్ర పక్షిని ఒకదాన్ని చేత పట్టుకుని ఫొటో దిగాడు. మూడు దశాబ్దాలు దాటాక అదే పక్షితో మళ్ళీ దిగిన ఫొటోలో ఆయన ముసలివాడయ్యాడు, పక్షి మాత్రం ఉన్నట్టే ఉంది. ఇక పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్‌వే దీవిలో ఉండే విజ్డమ్ అనే ఆడ లేసాన్ ఆల్బట్రాస్ సంగతి చాలామందికి తెలుసు. 1956లో చాండ్లర్ రాబిన్స్ అనే పక్షి శాస్త్రవేత్త దానికి కడియం వేసే నాటికే అది గుడ్డు పెట్టే వయసులో ఉంది. చాలా ఏళ్ళ జోడు కనబడకుండా పోయిన తరువాత, 2024 చివర్లో కొత్త జోడుతో మళ్ళీ గుడ్డు పెట్టింది. అప్పటికి దాని వయసు డెబ్బై దాటి మూడు నాలుగేళ్ళయినా ఉండాలి.

ఇక మందగించడం సంగతి. మా నాన్న గీత కార్మికుడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులోనూ మోకు, ముస్తాదు కట్టుకుని రోజూ తాళ్ళెక్కేవాడు. కింద నిలబడి చూసేవాడికి ఆయన ఎక్కడంలో పడుచువాళ్ళతో పోలిస్తే తేడా కనిపించేది కాదు. తేడా దిగిన తరువాతే కనిపించేది. లొట్టి పక్కన పెట్టి, మోకు కూడా విప్పకుండా చెట్టు మొదట్లో కాసేపు కూర్చునేవాడు. ఏమైందని అడిగితే "ఎక్కుడు ఎక్కుడే బిడ్డా, దిగినంకనే ఎరుకైతది" అనేవాడు.

కెనడాలోని హడ్సన్ అఖాతం దగ్గర బ్రూనిక్ గిల్లెమాట్ అనే పక్షుల మీద జరిగి 2015లో వెలువడిన అధ్యయనం చదివినప్పుడు నాకు నాన్న మాటే గుర్తుకు వచ్చింది. కిలో బరువుండే ఈ పక్షి చేపల కోసం వంద మీటర్ల లోతుకు కూడా మునగగలదు. వయసు పెరిగిన పక్షుల్లో రక్తంలో ప్రాణవాయువు నిల్వ తగ్గింది, విశ్రాంతిలో శరీరం ఖర్చు చేసే శక్తి తగ్గింది, థైరాయిడ్ హార్మోన్ తగ్గింది. మునిగే లోతు, నీటి కింద ఉండే సమయం మాత్రం తగ్గలేదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదని నా అభిప్రాయం. నాన్న పడుచుతనంలో మా ఊళ్ళో తాళ్ళెక్కేవాళ్ళు పాతికమంది ఉండేవారట. ఆయన అరవైకి చేరేసరికి ఆ ఈడువాళ్ళు నలుగురే మిగిలారు. కొందరు చెట్టు మీది నుండి పడ్డారు, కొందరు మోకాళ్ళు పట్టేసి మానుకున్నారు, కొందరు పట్నం పోయారు. మిగిలిన నలుగురిని చూసి అరవైలో మనిషి ఇంత గట్టిగా ఉంటాడని లెక్క వేస్తే అది తప్పుడు లెక్క అవుతుంది. పక్షుల్లోనూ బలహీనమైనవి ముందే చచ్చిపోతాయి కాబట్టి, ఒకే ఏడాదిలో ముసలివాటినీ పడుచువాటినీ పక్కపక్కన పెట్టి పోల్చితే ముసలివి ఉన్నదానికంటే గట్టివిగా కనిపిస్తాయి. ఒకే పక్షిని ఏళ్ళ తరబడి వెంబడించడం తప్ప దీనికి వేరే మందు లేదు.

ప్రవర్తన స్పష్టంగా మారిన ఉదాహరణ వాండరింగ్ ఆల్బట్రాస్. హిందూ మహాసముద్రం దక్షిణాన క్రోజే దీవుల్లో ఫ్రెంచ్ పరిశోధకులు 1960ల నుండి వీటిని గమనిస్తున్నారు. రెక్కలు చాపితే మూడు మీటర్లకు పైన ఉండే ఈ పక్షి రెండేళ్ళకు ఒక్క గుడ్డు పెడుతుంది. ముసలి మగవి మేతకు దగ్గరి నీళ్ళనే ఎంచుకుంటాయని నేను అనుకునేవాణ్ణి, ఎందుకంటే నాన్న చివరి రోజుల్లో తాళ్ళు వదిలి ఇంటి వెనుక పొట్టి ఈతచెట్లకు దిగాడు. 2010లో వెలువడిన ఫలితాలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ముసలి మగవి అంటార్కిటికా వైపు, ఆడవి పోని చలి నీళ్ళకు పోయి, ఎక్కువ దూరం తిరిగి, నీటి మీద మాత్రం తక్కువ చురుకుగా ఉన్నాయి. ఒత్తిడి హార్మోన్ పెరిగిన రక్తంతో గూటికి చేరాయి. అంటే కష్టం పెరిగిందనే అనిపిస్తుంది. ఆడవాటిలో ఈ మార్పు కనబడలేదు. కాబట్టి ముసలి సముద్ర పక్షి ఇలా ఉంటుంది అని ఒకే మాటలో చెప్పేవారిని నమ్మకండి, ఒకే జాతిలో ఆడా మగా కూడా ఒకలా ముసలివి కావు.

ఇక వయసు మళ్ళిన పక్షి పిల్లల మీద శ్రద్ధ తగ్గిస్తుందా అంటే, మెక్సికోలోని ఇసబెల్ దీవిలో నీలిపాదాల బూబీలు అనే సముద్ర పక్షుల మీద చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. మగ పక్షులకు బాక్టీరియా పైపొరలోని పదార్థాన్ని సూదితో ఎక్కించారు. దానితో రోగం రాదు, కానీ రోగం వచ్చినట్టు శరీరం మేలుకుంటుంది. పడుచువి పిల్లలను సాకడంలో వెనక్కు తగ్గాయి. పదేళ్ళు దాటినవి మాత్రం సూది వేయని తమ ఈడు పక్షులకంటే దాదాపు రెట్టింపు పిల్లలను పెంచాయి. ఇక మళ్ళీ అవకాశం వస్తుందో రాదో అన్నట్టు ఉన్నదంతా పెట్టేశాయని పరిశోధకుల వివరణ. వీటి పాదాల నీలం రంగు ఆడదాన్ని ఆకర్షించడానికి పనికి వస్తుంది, వయసుతో ఆ రంగు మసకబారుతుంది. అయితే ఒక ఏడాది గూడు కట్టకుండా విశ్రాంతి తీసుకున్న ముసలి మగవాటి పాదాలకు మరుసటి ఏడు ఆ నీలం మళ్ళీ తేరుకుంది. మసకబారడంలో వయసు వాటా ఎంత, ఏటేటా పిల్లలను పెంచిన అలసట వాటా ఎంత అన్నది వేరువేరుగా చూడవలసిన లెక్క అని నాకు అక్కడే అర్థమైంది.