స్టీరింగ్ బరువెక్కిన పాత కారుకు 38,000 ఖర్చు పెట్టాలా, కొత్త కారుకు అప్పు చేయాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయుడిని, జీతం 46,000 రూపాయలు. 2012లో రిజిస్టరైన పెట్రోల్ సెడాన్ ఉంది. నాన్నగారిని నెలకు రెండుసార్లు శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి అదే ఆధారం. నెల రోజులుగా స్టీరింగ్ బరువుగా తిరుగుతోంది, మలుపుల్లో మూలుగులాంటి శబ్దం వస్తోంది. స్టీరింగ్ పంపు, ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను మళ్లించే భాగం) రెండూ మార్చాలని, 38,000 అవుతుందని మెకానిక్ చెప్పారు. అమ్మితే కారుకు 1,10,000 వస్తుందట. 1,50,000 రూపాయల డిపాజిట్‌ను డౌన్ పేమెంటుగా కట్టి, 7 లక్షల అప్పుతో కొత్త కారు కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనవద్దు. 38,000 కూడా అప్పుడే ఇవ్వవద్దు.

మీరు రిపేరు ఖర్చును కారు అమ్మకం ధరతో పోలుస్తున్నారు; పోల్చవలసింది కొత్త కారు వాయిదాతో. 7 లక్షలను 9.5 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 14,700 కట్టాలి, అంటే మీ జీతంలో దాదాపు మూడో వంతు. ఐదేళ్లలో వడ్డీయే 1,82,000 దాకా అవుతుంది. 38,000 అంటే మూడు వాయిదాలు కూడా నిండవు. పైగా ఇంట్లో వైద్యం నడుస్తుండగా ఉన్న ఒక్క డిపాజిట్‌నూ డౌన్ పేమెంటుకు ఇచ్చివేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

ఇక ఆ 38,000 నిజంగా అవసరమా అన్నది చూద్దాం. మీ కారులో ఉన్నది ఆయిల్‌తో నడిచే స్టీరింగ్ అయితే, మీరు చెప్పిన లక్షణాలు పంపు పాడైనప్పుడే కాదు, బెల్టు వదులైనా, ఆయిల్ తగ్గినా, ఆయిల్‌లోకి గాలి చేరినా కనిపిస్తాయి. ముందు టైర్లలో గాలి తక్కువైనా స్టీరింగ్ బరువుగానే ఉంటుంది, కానీ అప్పుడు మూలుగు రాదు. ఇంజిన్ చల్లారాక బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బాలో మట్టం చూడండి. నురగ కనబడితే గాలి చేరినట్టే. రాత్రి కారు కింద ముందు భాగంలో పాత అట్టముక్క పరిచి, తెల్లవారాక దాని మీద జిడ్డు మరక ఏ చోట పడిందో గమనించండి. స్టీరింగ్ ఆయిల్ ఇంజిన్‌లో కాలిపోయేది కాదు కాబట్టి, మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు పైపు అతుకైతే తక్కువ ఖర్చుతో పోతుంది, ర్యాక్ సీలైతే ఎక్కువ అవుతుంది. కారడం ఆపకుండా ఆయిల్ పోస్తూ నెట్టుకురావడం మాత్రం చేయవద్దు. ఆయిల్ లేకుండా తిరిగిన పంపు పూర్తిగా చెడిపోతుంది, అప్పుడు పెద్ద బిల్లు తప్పదు.

ఈ వివరాలతో మరో షెడ్డుకు వెళ్లి, బెల్టు, పైపు, పంపు, ర్యాక్ ధరలు, కూలి విడివిడిగా రాయించుకోండి. ర్యాకే పోయిందంటే, కొత్తదానికి బదులు సీళ్లు మార్చి రీకండిషన్ చేస్తే ఎంతవుతుందో కూడా అడగండి. స్టీరింగ్‌లో ఆట (చక్రాలు మళ్లకుండానే స్టీరింగ్ ఊరికే తిరగడం) ఎక్కువగా ఉన్నా, మధ్యలో పట్టేస్తున్నా, అది బాగయ్యే వరకు నాన్నగారిని ఆ కారులో ఎక్కించవద్దు. అద్దె కారు ఖర్చును రిపేరు ఖర్చులో భాగంగానే లెక్కవేసుకోండి. బీమా మీద ఆశ పెట్టుకోవద్దు, అరుగుదలకు, యంత్ర లోపానికి అది సాధారణంగా వర్తించదు.

చివరకు మొత్తం 38,000 పెట్టవలసివచ్చినా, డిపాజిట్‌ను రద్దు చేయకుండా దాని మీదనే అప్పు తీసుకోండి. చాలా బ్యాంకులు డిపాజిట్ వడ్డీకి 1 నుంచి 2 శాతం మాత్రమే ఎక్కువ వసూలు చేస్తాయి. అయితే కారు అడుగు తుప్పుపట్టి, ఇంజిన్ కూడా పెద్ద పని అడుగుతుంటే నా సలహా మారుతుంది: లోపం దాచకుండా చెప్పి, ఉన్నది ఉన్నట్టు అమ్మివేయండి.

2027లో మీ కారు రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు నిండుతాయి. పొడిగించుకోవాలంటే ఫిట్‌నెస్ పరీక్షతోపాటు, 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కు పెరిగిన రుసుమూ ఉంటుంది. కొత్త కారు ఆలోచనను అప్పటిదాకా వాయిదా వేయండి. ఈలోగా ఆ 14,700 వాయిదాలో దాదాపు సగం, అంటే నెలకు 7,000, రికరింగ్ డిపాజిట్‌లో వేసి చూడండి. రెండు మూడు నెలలకే అది కూడా భారమనిపిస్తే, ఐదేళ్లపాటు దానికి రెట్టింపు కట్టగలరో లేదో మీకే తెలుస్తుంది.