డీప్-సీటెడా, డీప్-సీడెడా?

చిరంజీవికి,

నీ ఇంగ్లీషు కథ చదివాను. తండ్రి మీద కొడుక్కున్న భయాన్ని 'డీప్-సీడెడ్ ఫియర్' అన్నావు. 'డీప్-సీటెడ్' అనాలి: ఎస్, ఇ, ఎ, టి, ఇ, డి.

అమెరికన్ల నోట రెండు అచ్చుల మధ్య 'టి' మెత్తబడి 'డి'లా వినిపిస్తుంది. సీటెడ్, సీడెడ్ దాదాపు ఒకేలా పలుకుతాయి కనుక చెవితో నేర్చుకున్నవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. 'మనసులో నాటుకుపోయింది' అనే అలవాటు మనది, అందుకే విత్తనమే సబబనిపిస్తుంది. (మరీ లోతున పడ్డ విత్తనం మొలక పైకి రావడమే కష్టం, అది వేరే సంగతి.) ఇక్కడ సీట్ అంటే కుర్చీ కాదు, నెలవు. పైకి కనబడకుండా లోపల తిష్ఠ వేసుకున్నదని భావం. ఒంట్లో లోతున ఉన్న చీముగడ్డను, ఇన్ఫెక్షన్‌ను డాక్టర్లు ఈ మాటతోనే చెబుతారు.

స్పెల్‌చెక్‌ను నమ్ముకోకు. సీడెడ్ కూడా అసలైన మాటే కాబట్టి ఎర్రగీత రాకపోవచ్చు. రాయడం అయ్యాక ఆ మాటను వెతికి, దొరికిన ప్రతిచోటా ఆగి చూడు.

స్పెల్లింగు కుదిరినా పొత్తు కుదరాలి. భయం, అనుమానం, పగ, ద్వేషం, అభద్రత, దురభిప్రాయం: వీటి పక్కన డీప్-సీటెడ్ చక్కగా ఒదుగుతుంది. సంతోషం పక్కన పెడితే ఏదో జబ్బు పేరులా ఉంటుంది. మనిషి తెలిసి, ఇష్టపడి పట్టుకున్న విశ్వాసమైతే 'డీప్లీ హెల్డ్' మేలు. సంప్రదాయానికి 'డీప్-రూటెడ్', అలవాటుకు 'ఇన్‌గ్రెయిన్డ్', కదలనంటూ కూర్చున్న అధికారానికి, స్వప్రయోజనాలకు 'ఎన్‌ట్రెంచ్డ్'. 'ఇన్వెటరేట్' తరచు మనిషికే తగిలిస్తారు: మానలేని అబద్ధాలకోరు ఇన్వెటరేట్ లయర్.

డీప్-సీటెడ్‌లో అడ్డగీత వదలకు. 'డీప్లీ రూటెడ్' అన్నప్పుడు మాత్రం అడ్డగీత పెట్టకు. 'లీ'తో ముగిసే క్రియావిశేషణానికి అది అక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం కాలం. ఈ మాట వాడితే ఆ భావానికి ఏళ్ల వయసుందని పాఠకుడు అనుకుంటాడు. నీ కథలో కొడుకు భయం చిన్నప్పటిది, అక్కడ ఉంచు. పక్కింటాయన మీద వాడి కోపం వారం కిందటి గొడవతో పుట్టింది. దానికీ ఇదే విశేషణం పెట్టావు. అది కొట్టేసి, ఆయన ఎదురుపడితే వాడేం చేస్తాడో ఒక్క వాక్యం రాయి.