‘నేను’ ఉత్తముడా, చివరివాడా?

సందేహం: ‘నేను’ అంటూ సాగే కథ ఒకటి పత్రికకు పంపుతూ ‘ప్రథమ పురుషలో రాశాను’ అన్నాను. అది ఉత్తమ పురుష అని సంపాదకులు దిద్దారు. ఆంగ్లంలో మొదటిదైన ‘నేను’ మనకు ఉత్తమమెలా అయింది? చెప్పేవాడు అంత గొప్పవాడా?

సమాధానం: సంపాదకులు దిద్దింది సబబే. మీరు ‘ఫస్ట్ పర్సన్’ అనే ఆంగ్ల మాటను మక్కికి మక్కి దింపారు. మీరొక్కరే కాదు లెండి, సమీక్షకులదీ ఈ మధ్య ఇదే వరస. ‘ప్రథమ పురుష కథనం’ అని చదివి ‘అతడి’ కోసం ఎదురుచూస్తే ‘నేను’ ఎదురవుతోంది.

ఇక గొప్పతనం సంగతి. సంస్కృతంలో ‘ఉత్’కు తరప్ (రెంటిలో ‘మరింత’ అని చెప్పే ప్రత్యయం) చేరితే ఉత్తరం, తమప్ (‘అన్నిటికన్నా’ అని చెప్పే ప్రత్యయం) చేరితే ఉత్తమం. ఉత్ అంటే పైకి. పైది గొప్పదీ కావచ్చు, వరుసలో తరువాతిదీ కావచ్చు. పూర్వమీమాంస తరువాతిది ఉత్తరమీమాంస. ప్రశ్న వెనక వచ్చేది ఉత్తరం. నేను రాస్తున్న ఈ ఉత్తరమూ మీ లేఖ వెనక వచ్చిందే తప్ప దాన్ని మించిందని కాదు. ఆ లెక్కన ఉత్తమం అంటే అన్నిటికన్నా తరువాతిది, చివరిది. వేదాల ఉచ్చారణను వివరించే ప్రాతిశాఖ్యల్లో ఙ, ఞ, ణ, న, మలను ఉత్తమాలన్నారు. ‘క’ కన్నా ‘ఙ’ ఘనమైనదనా? వర్గం చివర కూర్చుంటుందని! పఠతి (చదువుతాడు), పఠసి (చదువుతావు), పఠామి (చదువుతాను) అని వల్లించి చూడండి, ‘నేను’ వంతు ఆఖరునే వస్తుంది. పాణిని ‘అస్మద్యుత్తమః’ (‘నేను’ ఉంటే ఉత్తమ) అని, వెంటనే ‘శేషే ప్రథమః’ (మిగిలినచోట ప్రథమ) అన్నాడు. నీకూ నాకూ పోగా మిగిలినదంతా ప్రథమేనట! గ్రీకు, లాటిన్ వ్యాకరణాలు మాట్లాడేవాడితో లెక్క మొదలుపెట్టాయి కనుక వాళ్లకు ‘నేను’ మొదటిది. ఉత్తమ అంటే శ్రేష్ఠమనే అనుకుంటామనే కథకులుంటే వారి సంతోషానికి నేను అడ్డుపడను.

ఈ ‘నేను’కు తెలుగులో బహువచనాలు రెండు: మేము అంటే వినేవాడు బయట, మనము అంటే లోపల. కథ చెప్పేవాడికి ఈ తేడా పెద్ద ఆస్తి.

అసలు చిక్కు ‘తాను’తో. ‘తాను రేపు వస్తానని రాముడు చెప్పాడు.’ కర్త ‘తాను’ ప్రథమ, క్రియ ‘వస్తాను’ ఉత్తమ. రెండూ ఒకే వాక్యంలో చక్కగా కాపురం చేస్తున్నాయి. దీన్ని సంస్కరించబోయి ‘తాను వస్తాడని చెప్పాడు’ అని రాసే అనువాదకులను ఏమనాలో తెలియదు. వాళ్లింట్లో ఎవరైనా అలా మాట్లాడతారా? అయితే కథంతా ఇలా ‘తాను’ మీదే నడిస్తే ఏ పురుష అనాలి? నేనైతే ప్రథమ అంటాను, క్రియను చూసి మీరు ఉత్తమ అంటే పోట్లాడను. మీ కథకు మాత్రం ఆ పేచీ లేదు, ఉత్తమ పురుషే.