పాత ఈవీ ఇచ్చేసే ముందు కొలిచి చూడు

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ పాత కరెంటు కారు నెక్సాన్ ఇచ్చేసి కొత్త కరెంటు కారు కొనాలా వద్దా అని అడిగావు. పెట్రోలు బండి వదిలి కరెంటు బండికి వస్తే నెలనెలా డబ్బు మిగులుతుంది. కరెంటు బండి నుంచి ఇంకో కరెంటు బండికి పోతే ఆ మిగులు లేదు నాయనా. పాతదైనా కొత్తదైనా యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లే. నువ్వు కొత్తగా పెట్టే డబ్బంతా దూరానికి, టైముకి, భద్రతకి. వీటిలో నీకు దేనికి కొరత ఉందో ముందు తేల్చుకో.

మొదట బ్యాటరీ సంగతి. 'ముందులా రావడం లేదు' అనే మాట మీద నిర్ణయం తీసుకోవద్దు, కొలువు. రాత్రి వంద శాతం ఛార్జి పెట్టు. పొద్దున ట్రిప్ మీటర్ సున్నా చేసి, ఇరవై శాతానికి దిగేదాకా నడుపు. మూడు రోజులు పట్టినా సరే, మధ్యలో ఛార్జి పెట్టొద్దు. 130 కిలోమీటర్లు నడిచి, సగటు యూనిట్‌కు 6 అని చూపిస్తే ఖర్చయింది సుమారు 21.7 యూనిట్లు. అది ఎనభై శాతం కాబట్టి నిండు బ్యాటరీ 27 యూనిట్లు. నీ నెక్సాన్ కొత్తలో 30.2 యూనిట్లది, అంటే తొంభై శాతం మిగిలినట్టు. ఇలా మూడుసార్లు చేసి సగటు తీసుకో. తొంభై వస్తే బ్యాటరీ బాగానే ఉంది.

లెక్క బాగుండి కూడా దూరం తగ్గిందంటే తప్పు వేరే చోట ఉంది. అరిగిన కంపెనీ టైర్ల బదులు మామూలు టైర్లు వేయిస్తే రేంజి తగ్గుతుంది. గాలి, అలైన్‌మెంట్, పట్టేసిన బ్రేకులు కూడా చూపించు. డ్యాష్‌బోర్డులో వరసగా హెచ్చరిక లైట్లు వెలుగుతుంటే పెద్ద బ్యాటరీని అనుమానించే ముందు 12 వోల్టుల చిన్న బ్యాటరీ పరీక్ష చేయించు. కొన్ని వేలతో పోయేదానికి లక్షలు పెట్టొద్దు.

శాతం పదిహేను నుంచి ఉన్నట్టుండి ఆరుకు పడిపోతోందా? అది బ్యాటరీ లోపలి సెల్స్ ఛార్జిలో ఒకదానితో ఒకటి సమంగా లేవనే సూచన కావచ్చు. ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గుతో నెమ్మదిగా వంద దాకా ఎక్కించి, ఆ తర్వాత కూడా రెండు మూడు గంటలు ప్లగ్గు తీయకు. నాలుగుసార్లు అలా చేసినా మారకపోతే సర్వీస్ సెంటర్లో సెల్ వోల్టేజీ రిపోర్టు కాగితం మీద అడుగు. వారంటీ 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. బ్యాటరీ ఎంత శాతం కన్నా కిందికి పడిపోతే వారంటీ వర్తిస్తుందో నీ పుస్తకంలో చదువు. అలాంటి లోపం ఉంటే బండి అమ్మకముందే తేల్చుకో. తర్వాత అమ్మితే ధరా బాగుంటుంది, కొన్నవాడికీ అన్యాయం జరగదు.

ఇక దారులు. నువ్వు రోజూ పోయే రేణిగుంటకు, నెలకోసారి పోయే కొండకు నీ పాత బండే ఎక్కువ. ఒక్క జాగ్రత్త: తిరుమలలో వంద శాతం నింపుకుని దిగొద్దు. నిండిన బ్యాటరీ దిగుడులో మోటారు తయారుచేసే కరెంటును తీసుకోలేదు, భారమంతా బ్రేకుల మీద పడి వేడెక్కుతాయి. చెన్నై 140 కిలోమీటర్లు, ఒకవైపు నిబ్బరంగా పోతావు.

అసలు చిక్కు బెంగళూరుది. 250 కిలోమీటర్లు, పైగా మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరాలి. బెంగళూరు దాకా మొత్తం ఎక్కుడుకే నాలుగు యూనిట్ల దాకా అదనం. 27 యూనిట్ల బ్యాటరీతో పలమనేరు చేరేసరికి మహా అయితే పాతిక శాతం మిగులుతుంది, ఎనభై దాకా నింపినా బెంగళూరు లోపల ఇంకోసారి ఆగక తప్పదు. 45 యూనిట్ల కొత్త నెక్సాన్‌కు కంపెనీ 489 కిలోమీటర్లు అంటుంది కానీ అది పరీక్ష లెక్క. హైవే మీద తొంభై స్పీడులో, ఏసీ వేసుకుని, ఆ ఎక్కుడుతో అదీ ఒకసారి ఆగాలి, అరగంట చాలు. తిరుగు దారిలో దిగుడు కాబట్టి ఆగకుండా రావచ్చు. పాత బండి 60 కిలోవాట్ల ఛార్జర్ దగ్గర పెట్టినా సగం వేగంతోనే తీసుకుంటుంది. ఎంత తీసుకోవాలో బండే నిర్ణయిస్తుంది, ఛార్జర్ కాదు.

కాబట్టి ఏడాదికి ఎన్నిసార్లు బెంగళూరు పోతావో రాయి. నెలకొకసారి లోపైతే నా మాట: ఉంచుకో. నెలకు మూడు నాలుగుసార్లు, అదీ చిన్నపిల్లలతో అయితే మార్చు, అప్పుడు 45 కన్నా 50 దాటిన బ్యాటరీ చూడు. ఆరు ఎయిర్‌బ్యాగుల కోసం, భారత్ ఎన్‌క్యాప్ అనే ప్రమాద భద్రతా పరీక్ష రేటింగ్ కోసం మార్చుతానంటే అదీ సరైన కారణమే, నేను కాదనను.

మార్చేటట్టయితే ఇంటి లైను ముందు చూసుకో. 7.2 కిలోవాట్ల ఛార్జర్ 32 ఆంపియర్లు లాగుతుంది. మీటరు నుంచి విడిగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దూరం ఎక్కువైతే 10, దానికి కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు. మీటరుకు మంజూరైన లోడు (శాంక్షన్డ్ లోడు) పెంచాలేమో కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్‌ను అడుగు. మన రాతినేలలో ఎండాకాలం ఎర్త్ ఎండిపోతుంది, ఛార్జర్ మధ్యలో ఆగిపోయేది చాలాసార్లు అందుకే. ఎర్త్ పిట్‌లో నీళ్లు పోయించు.

కాగితాలు: అప్పు 2023 మార్చి 31 లోపు మంజూరైంది కాబట్టి ఆదాయపు పన్ను పాత విధానంలో కరెంటు బండి అప్పు వడ్డీకి ఇచ్చిన మినహాయింపు (1961 చట్టంలో 80 ఈఈబీ సెక్షన్) నీకింకా ఉంది. కొత్త అప్పుకు అది రాదు, ఆ తేడా కూడా ఖర్చులో కలుపు. నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, నీది. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర లెటర్ తీసుకో, కొత్త పాలసీలో ప్రీమియం తగ్గిస్తారు. కొత్త బండికి జీవితకాల బ్యాటరీ వారంటీ అంటే అది మొదటి యజమానికేనా అని అడుగు. పాత బండికి అప్పు తీరిందని బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీసేయడానికి ఫారం 35, ఆ తర్వాత పేరు మార్పిడికి ఫారాలు 29, 30 కావాలి. ఇచ్చే రోజు రెండు తాళాలూ, పోర్టబుల్ ఛార్జరూ అప్పగించి, ఫోన్ యాప్‌లోంచి ఆ బండిని నీ ఖాతా నుంచి తీసేయి. ఆర్‌సీ పేరు మారిందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకునేదాకా డెలివరీ నోట్ పారేయకు.

మూడు కొలతలూ అయ్యాక ఆ అంకెలు నాకు పంపు.

మీ మామయ్య