కాంటెస్సా ముందు భాగం బరువు తగ్గించాలంటే బ్రేకుల దగ్గర మొదలుపెట్టొద్దు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది: చిత్తూరులో నీకో ఇసుజు ఇంజన్ కాంటెస్సా (హిందుస్తాన్ మోటార్స్ పాత కారు) ఉంది, దాన్ని క్వార్టర్ మైలు డ్రాగ్‌కి, అంటే నిలబడ్డ చోటు నుంచి సుమారు 400 మీటర్లు నేరుగా దూసుకెళ్లే రేసుకి, సిద్ధం చేస్తున్నావు. ముందు భాగం తేలిక కావడానికి పల్చటి బ్రేకు డిస్కులు, వాటిని నొక్కి పట్టే అల్యూమినియం కాలిపర్లు, కొత్త స్ప్రింగులు వేయిద్దామా అని అడిగావు. అదే బండిలో అప్పుడప్పుడు పలమనేరు వెళ్లొస్తానని కూడా రాశావు. నేను తిరుపతిలో ఉంటాను, నా దగ్గర ఉన్నదీ అదే బండి. స్ప్రింగులు, షాకులు తప్పకుండా మార్చు. బ్రేకుల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు. ఎందుకో వివరంగా చెబుతా.

ఏం విప్పినా విప్పకపోయినా ముందు బండిని తూకం వేయించు. మీ ఊరి చుట్టుపక్కల వేబ్రిడ్జిలకు కొదవేముంది, గ్రానైట్ లారీలకీ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకీ అవి లేకపోతే పని జరగదు. జూన్, జులైలో తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరతాయి, తెల్లవారుజామునే వెళ్లు. మొదట బండి మొత్తం తూయించి, తర్వాత ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫాం మీద ఉండేలా నిలుపు. వెనక చక్రాలున్న నేల దానికి సమంగా ఉండాలి, లేకపోతే తూకం తేడా వస్తుంది. అంత పెద్ద కాటాలో రెండు కిలోల తేడా తెలియదు కాబట్టి కాలిపర్, చక్రం లాంటివి విడిగా కిరాణా కొట్టు కాటా మీద పెట్టి రాసుకో.

ఇప్పుడు లెక్క. కాంటెస్సాని తోసేది వెనక చక్రాలు, కాబట్టి వాటి మీద ఎంత బరువు పడితే అంత పట్టు. బండి 1200 కిలోలు, అందులో ముందు 660, వెనక 540 అనుకుందాం. వీల్‌బేస్, అంటే రెండు ఇరుసుల మధ్య దూరం, సుమారు 2.67 మీటర్లు. గరిమనాభి ఎత్తు అర మీటరు అనుకో. లాంచ్‌లో, అంటే రేసు మొదట్లో బండి దూకేటప్పుడు, 0.6 జీ (గురుత్వ త్వరణంలో 0.6 వంతు) త్వరణం వస్తే వెనక్కి మారే బరువు 1200 × 0.6 × 0.5 ÷ 2.67, అంటే సుమారు 135 కిలోలు. అప్పుడు వెనక చక్రాల మీద 675 కిలోలు పడుతుంది, మొత్తంలో 56.2 శాతం. ముందు ఇరుసు మీద నుంచి 40 కిలోలు తీసేస్తే ఈ వాటా 57.8 శాతానికి చేరుతుంది. ఏమీ తీయకుండా 15 కిలోల బ్యాటరీని ముందు నుంచి వెనక ఇరుసు మీదికి మార్చినా 57.5 వస్తుంది! పట్టు విషయంలో రెండూ ఇంచుమించు ఒకటే. బరువు తగ్గిన లాభం మొదటి దాంట్లో అదనం, ఒప్పుకుంటాను. కానీ బ్యాటరీ మార్చడానికి అయ్యే ఖర్చు లావుపాటి కేబుల్, గట్టి పెట్టె, బయటి నుంచి ఆపగలిగే కటాఫ్ స్విచ్, అంతే.

బ్యాటరీ తర్వాత చూడాల్సింది ముందు ఇరుసు కంటే ముందుకు పొడుచుకొచ్చి ఉన్న సామాను. ఎంత ముందుకుంటే అంత చేటు, ఎందుకంటే అది ముందు చక్రాల మీద తన బరువు కంటే ఎక్కువ మోపుతూ వెనక చక్రాల మీది బరువును కాస్త ఎత్తేస్తుంది. ఇనుప బంపర్, దాని బ్రాకెట్లు, ఏసీ కండెన్సర్, కంప్రెసర్, హారన్లు, ఎప్పుడో ఎవరో బిగించిన గార్డు, ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఫైబర్ బానెట్ కూడా మంచిదే, పిన్నులు బిగించడం మరిచిపోవద్దు. ముందు చక్రాలకు సన్నటి టైర్లు, తేలికైన రిమ్ములు వేస్తే స్ప్రింగు కింద వేలాడే బరువు తగ్గుతుంది, తిప్పాల్సిన బరువూ తగ్గుతుంది. కానీ అవి ట్రాక్ మీదికే. రోడ్డు మీద వేరే జత ఉండాలి.

ఇక స్ప్రింగులు. దీని గురించి మన షెడ్లలో ఒక అపోహ పాతుకుపోయింది: ఒక చుట్టు కోసేస్తే స్ప్రింగు మెత్తబడుతుందని. జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. పనిచేసే చుట్లు ఎనిమిది ఉంటే, ఒకటి కోస్తే స్ప్రింగు 14 శాతం గట్టిపడుతుంది. బండి కిందికి దిగుతుంది కాబట్టి మెత్తబడినట్టు అనిపిస్తుంది, అంతే. డ్రాగ్‌కి మనకు కావాల్సింది మెత్తటి, పొడవైన స్ప్రింగు. బండి బరువుకి బాగా అణిగి కూర్చుని, క్లచ్ వదలగానే ముక్కును పైకి నెట్టేది. మెత్తదనం తీగ మందంలో ఉంది. 13 మిల్లీమీటర్ల తీగ బదులు అదే కొలతల్లో 12 మిల్లీమీటర్ల తీగతో చుట్టిస్తే గట్టిదనం 27 శాతం పడిపోతుంది, ఎందుకంటే మందం అక్కడ నాలుగో ఘాతంలో పనిచేస్తుంది. చుట్టించేటప్పుడు ఆ మాట గట్టిగా చెప్పు. గ్యాస్‌తో కాల్చి స్ప్రింగును కూర్చోబెడతామంటే మాత్రం ఒప్పుకోకు, అలా కాల్చిన చోట ఉక్కు గుణం పోతుంది.

షాక్ అబ్జార్బర్ సాగేటప్పుడు తేలిగ్గా సాగాలి, కుదించుకునేటప్పుడు గట్టిగా పట్టాలి. అమెరికాలో డ్రాగ్ వాళ్లు 90/10 అనేది దీన్నే. అప్పుడే ముక్కు ఒక్కసారి లేచి, గేరు మార్చేటప్పుడు ధబీమని కిందపడకుండా నిలబడుతుంది. ముందు యాంటీ రోల్ బార్ తీసేస్తే కొన్ని కిలోలు తగ్గుతాయి, ముక్కు ఇంకా స్వేచ్ఛగా లేస్తుంది, కానీ ఘాట్ మలుపుల్లో బండి పక్కకు ఒరుగుతుంది. అందుకే నేను దాన్ని ట్రాక్ దగ్గరే విప్పి, ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ బిగిస్తాను. ఇంకొకటి, చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు ఆ భారం బాల్ జాయింట్ (చక్రం అటూ ఇటూ తిరగనిచ్చే కీలు) మీద పడకూడదు. దానికి ముందే ఆపేలా ఒక పట్టీ కట్టించు.

కొత్త స్ప్రింగులు ఎక్కించే ముందు ఒక పని తప్పకుండా చెయ్యి: చక్రం పైకీ కిందికీ కదిలేటప్పుడు తనంతట తాను పక్కకు తిరుగుతోందేమో కొలువు. స్ప్రింగు తీసేసి, విష్‌బోన్లు (చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే చేతులు), షాకు, స్టీరింగ్ రాడ్లు మాత్రం ఉంచు. బాడీని స్టాండ్ల మీద కదలకుండా నిలిపి, స్టీరింగును నిటారుగా కట్టేసి, హబ్‌కి (చక్రం బిగించే భాగానికి) ఒక నిటారు చెక్క పలక బిగించు. పలక పక్కనే బండి పొడుగునా ఒక దారం లాగి కట్టు. కింద జాకీ పెట్టి హబ్‌ను ఒక్కో అంగుళం లేపుతూ, దారానికీ పలక ముందు అంచుకీ ఎంత, వెనక అంచుకీ ఎంత అని రాసుకుంటూ పో. ఈ రెంటి తేడా మొత్తం ప్రయాణంలో దాదాపు మారకుండా ఉండాలి. నా బండిలో పై అంగుళాల్లో బాగానే ఉండి, చక్రం కిందికి వేలాడే చోట, అంటే సరిగ్గా లాంచ్‌లో ముక్కు లేచే చోట, చక్రం బయటికి తిరగడం మొదలైంది. స్టీరింగ్ రాడ్ చివర ఎత్తు సరిచేసి, పలచటి వాషర్లతో మళ్లీ మళ్లీ కొలిచాక గానీ కుదరలేదు. ఓపిక పట్టాల్సిన పని, కానీ గంటకి 140 కిలోమీటర్ల వేగంలో ముక్కు లేచీ పడీ అవుతున్నప్పుడు బండి తనంతట తాను పక్కకు లాగకూడదంటే ఇది తప్పదు.

ఇప్పుడు బ్రేకులు. 1200 కిలోల బండిని గంటకి 140 కిలోమీటర్ల నుంచి ఆపితే సుమారు 9 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అందులో 70 శాతం ముందు డిస్కులు మోస్తాయనుకుందాం. ఒక్కోటి ఆరు కిలోల డిస్కులైతే ఒక్క ఆపుతో సుమారు 115 డిగ్రీలు వేడెక్కుతాయి. మూడు కిలోల డిస్కులైతే 230. ట్రాక్ మీద ఇదేం పెద్ద సమస్య కాదు, ఒక రన్ తర్వాత చల్లారడానికి బోలెడు సమయం ఉంటుంది. డ్రాగ్ కోసం ప్రత్యేకంగా చేసే పల్చటి డిస్కులు ఆ ఒక్క ఆపు కోసమే. కానీ నీ దారిలో మొగిలి ఘాట్ ఉంది. ఇంజన్ బ్రేకింగ్ లేకుండా 77 మీటర్ల ఎత్తు దిగితే చాలు, అది 140 నుంచి ఒకసారి ఆపినంత వేడి. ఘాట్‌లో చల్లారే తీరిక దొరకదు, ముందు లారీ, వెనక బస్సు. బ్రేకు ఫ్లూయిడ్ మరిగిందంటే పెడల్ నేలకి ఆనుతుంది.

వేడి ఒక్కటే కాదు. చిన్న పిస్టన్ ఉన్న కాలిపర్లు ముందు వేసి వెనక బ్రేకులు పాతవే ఉంచితే, వెనక చక్రాలు ముందే లాక్ అవుతాయి. అలా జరిగితే ఫినిష్ లైన్ దాటాక బండి గిరగిరా తిరగొచ్చు. కాలిపర్లు మార్చే రోజు వస్తే పిస్టన్ వైశాల్యం లెక్కగట్టి, వెనక లైనులో ఒత్తిడి తగ్గించే వాల్వ్ కూడా పెట్టించు.

డ్రాగ్ లోకంలో ఆపడం ఎంత ముఖ్యమో 2008 జూన్ 21న న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్‌లో తెలిసింది. ఫన్నీ కార్ అనే అతివేగపు డ్రాగ్ తరగతి క్వాలిఫయింగ్‌లో రేసర్ స్కాట్ కాలిట్టా బండి ఇంజన్ పేలింది, పారాచూట్లు పనిచేయలేదు, ట్రాక్ చివర్లో కూడా బండి ఆగలేదు, ఆయన చనిపోయారు. ఆ తర్వాతే టాప్ ఫ్యూయెల్ (అలాంటిదే ఇంకో అతివేగపు తరగతి), ఫన్నీ కార్ రేసుల్ని అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ 1,320 అడుగుల నుంచి 1,000 అడుగులకు కుదించింది. ఆ వేగాలు మనవి కావు, కానీ ఆగడానికి చోటు కావాలన్న విషయం మనకీ వర్తిస్తుంది.

ఒక లేత్ షాపులో నా డిస్కులకు రంధ్రాలు వేసి, అంచు కూడా తొలిచి తేలిక చేస్తామన్నారు. వద్దన్నాను. పోత ఇనుములో అలా ఎక్కడపడితే అక్కడ రంధ్రం వేస్తే ఆ అంచు నుంచే పగులు మొదలవుతుంది. డిస్క్ మీద సాధారణంగా కనీస మందం అచ్చు వేసి ఉంటుంది, దానికంటే తగ్గనివ్వకు. కింది విష్‌బోన్‌కి కూడా డ్రిల్ పెట్టనివ్వొద్దు, బ్రేకు భారంలో పెద్ద వాటా అదే మోస్తుంది.

నీ ఫ్రెండ్ స్విఫ్ట్‌కి కూడా ఇదే చేద్దామన్నావు కదా, వద్దు. అది ముందు చక్రాలు లాగే బండి, ముందు బరువు తీస్తే టైర్లు ఊరికే తిరుగుతాయి. దానికి వెనక సీటు, స్పేర్ చక్రం తీస్తే చాలు.

పరీక్షలు బైపాస్ మీద చేయకు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ రోడ్డు మీద రేసుల్ని, 52వ సెక్షన్ బండి మార్పుల్ని పట్టుకుంటుంది. రాణిపేట, కాంచీపురం మీదుగా వెళ్తే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ నీకు దూరం కాదు. అక్కడి పోటీకి పేరు ఇచ్చే ముందు ఆ ఏడాది నిబంధనల పుస్తకం తెప్పించుకుని, ఏ క్లాసులో ఏ భాగం మార్చొచ్చో చదువు. స్క్రూటినీలో, అంటే పోటీకి ముందు జరిగే బండి తనిఖీలో, వెనక్కి పంపితే ఇంత శ్రమా వృథా.

వేబ్రిడ్జి చీటీలో ముందు బరువు, వెనక బరువు, ఇప్పుడున్న స్ప్రింగు తీగ మందం, చుట్టు వ్యాసం, పనిచేసే చుట్ల సంఖ్య ఇక్కడ రాయి. ఎంత మందం తీగతో, ఎంత పొడవుతో చుట్టించాలో లెక్కగట్టి చెబుతాను.